జత లెక్క

మిట్టమధ్యాహ్నానికి గనిలో నిలబడడానికి నీడన్నది లేకుండా పోయింది. కింద బండ, చుట్టూ బండ, రెండూ కాగి పెనంలా మాడుతున్నాయి. రామేశ్వరమ్మ నెత్తిమీది చుట్టగుడ్డ సర్దుకుని, నాపరాయి ముక్కలు నిండిన గంపను తలకెత్తుకుని, ఏటవాలు దారి మీద పైకి ఎక్కుతోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. వెనక వస్తున్న ఆడవాళ్లు ఆమె దేవుణ్ణి తలుచుకుంటోందని అనుకున్నారు. ఆ ఎండలో తలుచుకుంటే తప్పూ లేదు. కానీ ఆమె తలుచుకుంటున్నది ఎనిమిది వందల్లో పదిహేను శాతం ఎంత అని.

నూటికి పదిహేను. అట్లాంటి నూర్లు ఎనిమిది. ఎనిమిది పదిహేన్లు... దారి మలుపు తిరిగేసరికి లెక్క అందినట్టే అందింది. ఇంతలో పైనున్న మనిషి జరుగు జరుగమని కేకేశాడు. గంప కుమ్మరించేసరికి దాంతోపాటు లెక్క కూడా దొర్లిపోయింది. ఖాళీ గంపతో కిందికి దిగుతూ మళ్లీ నూటికి పదిహేను దగ్గర మొదలుపెట్టింది. పొద్దుటినుంచి ఇదే వరస.

రామేశ్వరమ్మ, ఆమె మొగుడు హనుమేష్ కోసిగి వైపు పల్లెనుంచి ఈ బేతంచెర్ల గనులకు వచ్చి నాలుగేళ్లు కావస్తోంది. వాన మొహం చాటేసిన ఏడు వచ్చారు, మళ్లీ పోలేదు. ఈ గనిలో కూలికి మనుషుల్ని పెట్టుకోరు, జతల్ని పెట్టుకుంటారు. మగవాడు గడ్డపారతో, సమ్మెటతో బండను పొరలు పొరలుగా లేపుతాడు. ఆడది ఆ బండకు రెండో వైపు పట్టి మోస్తుంది, మిగిలిన చెత్తరాయినంతా గంపలతో పైకి చేరవేస్తుంది. ఇద్దరికీ కలిపి రోజుకు వెయ్యి రూపాయలు. శనివారం సాయంత్రం మేస్త్రీ శేషన్న ఆ డబ్బు మగవాడి చేతిలో పెడతాడు. ఆడదాని పేరు పలకడు. పలకవలసిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. పొద్దున ట్రాక్టర్ ఎక్కేటప్పుడు కూడా మగవాళ్ల తలలే లెక్కపెట్టుకుంటాడు. ఇరవై తలలుంటే ఇరవై జతలు, బండి కదలొచ్చు. పెళ్లాం లేనివాడికి ఇక్కడ పని లేదు, మొగుడు లేనిదానికి అసలే లేదు. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గాని, వాడికి లెక్కలు మాత్రం బాగా వచ్చి ఉండాలి.

రామేశ్వరమ్మకు లెక్కలు రావు. ఇప్పుడు రావలసిన అగత్యం పట్టుకుంది.

కూలీలుండే గని షెడ్ల పక్కనున్న ఊళ్లో అంగన్‌వాడీ ఆయా వచ్చే ఏడు దిగిపోతుంది. ఆ ఉద్యోగానికి పదో తరగతి కావాలి. ఈ సంగతి చెప్పింది కూతురు శివజ్యోతి బడిలో లెక్కలు చెప్పే స్వర్ణలత టీచరు. ఏడో తరగతి పిల్ల తల్లి కదా, బడికి రమ్మంటే రామేశ్వరమ్మ పోయింది, సంతకం పెట్టమంటే వేలిముద్ర వెయ్యకుండా పేరు రాసింది. టీచరు ఆ అక్షరాలకేసి చూసి ఎంతవరకు చదివావని అడిగింది. ఏడులో మానేశానని చెప్పింది రామేశ్వరమ్మ. ఓపెన్ స్కూలు కింద పది కట్టమని, ఆదివారం తరగతులు తానే చెబుతానని అంది టీచరు. నెలకు ఏడు వేలు, నీడన కూర్చుని పని, డబ్బు తన పేరుమీద బ్యాంకులో పడుతుంది. ఈ మూడింటిలో ఏది ఎక్కువ ఆశపెట్టిందో రామేశ్వరమ్మకే తెలియదు. ఫీజు డబ్బు హనుమేష్ చేతిలోంచి ఊడిపడడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

తెలుగు ఎట్లాగో గట్టెక్కుతుంది. సాంఘికం బట్టీ పట్టొచ్చు. లెక్కలే కొరకరాని కొయ్య అయి కూర్చున్నాయి. టీచరు ఆమె అవస్థ చూసి, ముందు నీ కూతురి పుస్తకంలో నిష్పత్తులు, శాతాలు నేర్చుకో, అవి పట్టుబడితే మిగతావి లొంగుతాయి అంది. శాతమంటే నూటికి ఇంత అని తెలిసిన రోజున రామేశ్వరమ్మ కాస్త ఊపిరి పీల్చుకుంది. నూటికి ఎంత అన్నది ఆమె ఊళ్లో పాలుతాగే పిల్లలు కూడా వినే మాట. వడ్డీ లేని ఇల్లుంటే కదా. నిష్పత్తులే తల తినేస్తున్నాయి.

ఆ సాయంత్రం షెడ్డు ముందర పొయ్యి వెలిగించి, ఆమె జొన్నరొట్టెలు తడుతోంది. శివజ్యోతి పక్కనే కూర్చుని పుస్తకంలోంచి లెక్క చదివింది. ఒక పనిచోట మగవాళ్లు, ఆడవాళ్లు మూడుకు రెండు నిష్పత్తిలో ఉన్నారు. ఆడవాళ్లు పదహారుమంది. మొత్తం కూలీలు ఎందరు? హనుమేష్ నడుముకింద దుప్పటి మడిచిపెట్టుకుని వాకిట్లో వాలి ఉన్నాడు. సాయంత్రమైతే అతని నడుము అతని మాట వినదు.

రామేశ్వరమ్మ రొట్టె తిప్పుతూ నోటితోనే కట్టింది. రెండు భాగాలు పదహారు, ఒక భాగం ఎనిమిది, మూడు భాగాలు ఇరవై నాలుగు. ఎక్కడా తట్టుకోకుండా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

“ఇరవై నాలుగు,” అంది.

“అది మొగోళ్లు మా. మొత్తం ఎందరని అడుగుతాండారు.”

“మొత్తమే చెప్తాండా. ఇరవై నాలుగు.”

“మరి ఆడోళ్లు పదహారుమంది యాడికి పోయినారు?”

“యాడికి పోతారు? మొగోళ్ల ఎనకాలనే ఉంటారు గదా. ఇరవై నాలుగు మంది మొగోళ్లుంటే ఇరవై నాలుగే లెక్క. ఎనిమిది మందికి పెండ్లాలు రాలేదు, అంతే.”

శివజ్యోతి పుస్తకం ఒళ్లో పడేసుకుని పగలబడి నవ్వింది. వాకిట్లోంచి హనుమేష్ కూడా నవ్వాడు. మీ అమ్మ చెప్పిందే సరి, కావాలంటే శేషన్నను అడుగు, అన్నాడు. రామేశ్వరమ్మ కూడా నవ్వబోయింది. అంతలో పిల్ల నవ్వు ఆగిపోయింది. తల్లి మొహంలోకి చూస్తూ, అయితే నువ్వు కూలీవి కాదా మా, అని అడిగింది.

పిల్ల ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎన్ని గంపలు మోసిందో మెడనరాలు చెబుతున్నాయి. అంత మోసినా తన లెక్కలో తాను లేదు. వేరెవరో తీసేస్తే సరే, ఏడ్చి ఊరుకోవచ్చు. తానే, తన నోటితోనే, రొట్టె కాలుస్తూ కాలుస్తూ తనని తీసేసుకుంది. ఆ రాత్రి ఆమెను అన్నిటికంటే అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఆదివారం తరగతిలో ఈ సంగతి చెబితే తోటివాళ్లు నవ్వారు. వాళ్లలో గనిపని చేసే ఆడవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు నవ్వకుండా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్వర్ణలత టీచరూ నవ్వలేదు. సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ, పరీక్షలో మాత్రం నలభై అని రాయి రామేశ్వరమ్మా, గనిలో సంగతి నేనేం చెప్పగలను, అంది. ఆమె మంచిదే. ఆమె చెయ్యగలిగింది నలభై దాకానే ఉంది.

అప్పటినుంచి రామేశ్వరమ్మకు కొత్త రోగం పట్టుకుంది. వెయ్యి రూపాయల్లో నా వంతెంత? మూడుకు రెండా, సగానికి సగమా? ఒక శనివారం మొగుణ్ణి అడిగేసింది. అతను కోప్పడలేదు. కోప్పడే ఓపిక అతనికి లేదు. మొగుడూ పెళ్లాల మధ్య వంతులేంది, ఇద్దరిదీ కలిపి వెయ్యి, అన్నాడు. ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు ఆమెకు. కానీ ఆ ఇద్దరి డబ్బులోంచి తన ఫీజు రావడానికి రెండు నెలలెందుకు పట్టిందో ఆ మాటలో లేదు.

మార్చి వచ్చింది. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పరీక్షల తేదీలు తెలిశాయి. తెలుగు పరీక్ష గనికి పండగ సెలవిచ్చిన రోజున పడి ఎవరికీ ఇబ్బంది లేకుండా గడిచింది. సాంఘికం రోజున గనిలో పేలుళ్లుండి పని ఆపారు. అదృష్టం రెండుసార్లు తలుపు తట్టింది, మూడోసారి తట్టలేదు. లెక్కల పరీక్ష నిక్కమైన పనిరోజున, బుధవారంనాడు, పొద్దున తొమ్మిదింటికి పడింది.

హనుమేష్ పోయి శేషన్నను అడిగాడు. శేషన్న చెడ్డమాట ఒక్కటీ అనలేదు. చదువుకోనీ అప్పా, మంచిదే కదా, అన్నాడు. కాకపోతే జత లేకుండా గనిలోకి దింపనన్నాడు. నువ్వు రాయి లేపుతావు, రెండోవైపు ఎవరు పడతారు, చెత్త ఎవరు మోస్తారు అన్నాడు. పనికోసం ఆలూరు వైపునుంచి వచ్చిన రెండు జతలు ఊళ్లో కాచుకుని ఉన్నాయన్న సంగతి కూడా మాటల మధ్యలో వేశాడు. హనుమేష్ తవ్వుతున్న చోటు వాళ్లకిస్తే, షెడ్డు కూడా వాళ్లకే ఇవ్వాలి మరి. చివరికి తానే దారి చూపించాడు. పాపను తోలుకురా, ఒక్క దినానికి ఏం మునిగిపోతుంది, చిన్నపిల్ల కాబట్టి జతకు ఏడు వందల యాభై ఇస్తాను, అన్నాడు. పైగా ఇది హనుమేష్ మొహం చూసి చేస్తున్న సాయమని చెప్పి పంపాడు.

ఈ సాయాన్ని హనుమేష్ ఇంటికి మోసుకొచ్చి పొయ్యి ముందర దించాడు. చెప్పేటప్పుడు పెళ్లాం మొహంలోకి చూడలేదు, కూతురి మొహంలోకీ చూడలేదు. పెనం కేసి చూస్తూ చెప్పాడు. శివజ్యోతి మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది. నేను పోతా మా, నువ్వు పోయి నలభై రాసిరాపో, అంది. పన్నెండేళ్ల పిల్లకు తల్లి గెలవడం ముఖ్యం. రాయి ఎంత బరువుంటుందో ఇంకా తెలియదు.

రామేశ్వరమ్మ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఇట్లాంటి ఇళ్లలో ఆడది మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అది ఆమెకు తెలుసు. తెలిసే మాట్లాడలేదు. ఎందుకంటే ఆ పరీక్ష ఆమెకు అంత కావాలి. మెడలు వంగిపోయే ఈ పనినుంచి బయటపడాలని, నీడన కూర్చోవాలని, ఎవరి చేతికిందా లేకుండా తన పేరున పది రూపాయలు చూసుకోవాలని ఆమె ఎంతగా ఆశపడిందంటే, ఒక్క పూట కూతుర్ని గనికి పంపడానికి కూడా ఆ ఆశ సిద్ధపడింది. తరువాత తలుచుకుని సిగ్గుపడింది గాని, ఆ సాయంత్రం మటుకు సిగ్గు పడలేదు. పుస్తకం ముందేసుకుని శాతాలు చేసుకుంటూ కూర్చుంది. కళ్లు మూతలు పడుతుంటే నీళ్లు చల్లుకుని మళ్లీ చేసింది.

లెక్కలు చేస్తున్నంతసేపూ శేషన్న నోటినుంచి వచ్చిన ఒక్క దినం అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఆ మాట ఆమెకు కొత్తది కాదు. ఏడో తరగతిలో ఉన్నప్పుడు వాళ్లమ్మకు జ్వరం వచ్చింది. వేరుశనగ పీకడానికి పదిమంది గుంపుగా ఒప్పుకుని ఉన్నారు, ఒక మనిషి తగ్గితే మాట పోతుంది. ఒక్క దినం పోయిరామ్మా అన్నారు. పోయింది. మర్నాటికీ అమ్మ జ్వరం తగ్గలేదు, మూడోనాడు అమ్మ లేచింది గాని పిల్ల పనికి అలవాటైందని ఇద్దర్నీ పిలిచారు. రామేశ్వరమ్మను బడి మాన్పించిన వాళ్లంటూ ఎవరూ లేరు. ఎవరూ ఆ మాట అనలేదు. ఒక్క దినమే అన్నారు.

బుధవారం తెల్లవారింది. షెడ్ల ముందు ట్రాక్టర్ వచ్చి ఆగింది. జతలన్నీ సద్దిమూటలతో ఎక్కుతున్నాయి. రామేశ్వరమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, హాల్ టికెట్టూ రెండు పెన్నులూ ఉన్న కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బేతంచెర్ల పోయే ఆటో ఇంకో గంటకు గాని రాదు. ఆమె ఎక్కాల్సింది ఆటో. కానీ కాళ్లు అలవాటు కొద్దీ ట్రాక్టర్ వైపు లాగుతున్నాయి.

శివజ్యోతి అప్పటికే బండెక్కి తండ్రి పక్కన కూర్చుంది. హనుమేష్ పాత చొక్కా ఒకటి గౌను మీద తొడుక్కుంది, చేతులు మోచేతులదాకా మడిచింది. తలమీద చుట్టగుడ్డ పెట్టుకుంది. బరువు మెడమీద పడకుండా, నడినెత్తికి కొంచెం ముందుకు, ఎట్లా పెట్టుకోవాలో అట్లాగే పెట్టుకుంది. రామేశ్వరమ్మ ఆ పిల్లకు అది ఎన్నడూ నేర్పలేదు. రోజూ తల్లిని చూసి చూసి నేర్చుకుంది. ఎనిమిది పదిహేన్లు తల్లికి ఎన్నిసార్లు చెప్పినా రాలేదు, ఇది మాత్రం పిల్లకు చెప్పకుండానే వచ్చేసింది.

శేషన్న బండి పక్కన నడుస్తూ తలలు లెక్కపెడుతున్నాడు. పద్దెనిమిది, పంతొమ్మిది. హనుమేష్ దగ్గర ఇరవై అన్నాడు. పక్కనున్న పిల్లను చూడలేదు. చూడనక్కర్లేదు కూడా, ఆ చోటు ఎప్పుడూ లెక్కలో లేనిదే. డ్రైవరుకు చెయ్యి ఊపబోయాడు.

“దిగు మ్మే,” అంది రామేశ్వరమ్మ. బండి దగ్గరికి ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు.

శివజ్యోతి తెల్లబోయింది. “ఒక్క దినమే గదా మా.”

“నాకూ ఒక్క దినమే అన్నిరి. దిగు. బడికి టైమైతాది.”

పిల్ల తండ్రికేసి చూసింది. చుట్టగుడ్డ చేత్తో పట్టుకుని దిగింది. శేషన్న నిదానంగా దగ్గరికి వచ్చాడు. పొద్దున్నే నలుగురిలో గొంతు పెంచే మనిషి కాదతను. పెంచకుండానే పనులు జరుపుకోవడం తెలిసినవాడు.

“ఏమ్మా, జతను ఇడగొడితివంటే ఎట్ల? ఒగడే వచ్చి ఏం చేస్తాడు హనుమేష్?”

“పని చేస్తాడు. ఆయప్ప చేసినదానికి ఎంతయితాదో అంత ఇయ్యి. రేపు నేనొస్తా. నేను చేసినదానికి ఎంతో నా చేతికియ్యి.”

శేషన్న నవ్వాడు. కోపంతో నవ్వింది కాదు, నిజంగానే అతనికి అర్థం కాలేదు. “ఒగొగరికి ఇంతని మాకాడ లెక్క లేదమ్మా. మొదట్నుంచీ జతకే కూలి.”

“లేకపోతే ఈ పొద్దు కట్టన్నా ఆ లెక్క,” అంది రామేశ్వరమ్మ. గొంతు పెంచి మళ్లీ అంది. “అది కట్టేదాక నేను జతలో రాను. నా బిడ్డ యాపొద్దూ రాదు.”

ఇరవైమంది మగవాళ్లూ ఎటో ఒకవైపు చూస్తున్నారు. ఆడవాళ్లు మటుకు రామేశ్వరమ్మనే చూస్తున్నారు. వాళ్లలో హనుమంతమ్మ అనే పెద్దామె, ఇరవై ఏళ్లుగా ఈ గనుల్లో మోస్తున్న మనిషి, సద్దిమూట ఒళ్లోకి జరుపుకుంది. శేషన్న ఇక ఆమెతో మాట్లాడలేదు. హనుమేష్ వైపు తిరిగి, నీ ఇంటి సంగతి నువ్వు తేల్చుకో అప్పా, ఎండ ముదురుతాంది, ఆలూరోళ్లకు కబురు పెట్టమంటే పెడతా, అన్నాడు.

హనుమేష్ లేచాడు. దిగబోతున్నట్టు ఒక కాలు బండి పక్కచెక్క మీదికి వేశాడు. అక్కడే ఆగిపోయాడు. పెళ్లాన్ని తిట్టడానికి దిగుతున్నాడో, పెళ్లాంతో నిలబడడానికి దిగుతున్నాడో చూసేవాళ్లకు తెలియలేదు. అతనికి తెలుసని కూడా చెప్పలేం. నొప్పి నడుము మీద చెయ్యి వేసుకుని, ఒక కాలు లోపల, ఒక కాలు చెక్కమీద పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. షెడ్డు పోతుందని, పనిచోటు పోతుందని, పెళ్లాం మాట నలుగురిలో పడిందని, కూతురు దిగిపోయినందుకు తన గుండెలో ఒక మూల తేలికపడిందని, ఇవన్నీ ఆ మొహంలో ఒకదాని వెనక ఒకటి కనబడ్డాయి.

రామేశ్వరమ్మ అతని జవాబు కోసం ఆగలేదు. ఆగితే తాను మెత్తబడుతుందని భయం. శివజ్యోతిని షెడ్డులోకి తోలి, చొక్కా విప్పించి, బడిబట్టలు వేసుకోమంది. జడ వెయ్యడానికి కూడా ఆగలేదు. విరబోసుకునే పద, దారిలో వేస్తాను అంది. ఇద్దరూ రోడ్డుకేసి నడిచారు. పరీక్ష పోతుందో నిలుస్తుందో తెలియదు. సాయంత్రానికి తలదాచుకునే చోటుంటుందో లేదో అదీ తెలియదు. నోటికొచ్చిన శాతాలన్నీ ఎటుపోయాయో, ఒక్కటీ గుర్తు రావడం లేదు. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని, భయం భయంగా వెనక్కి చూస్తోంది.

“నాయిన యాడుండాడు మ్మే?” అని అడిగింది రామేశ్వరమ్మ, తాను వెనక్కి తిరగకుండా.

“అట్లనే నిలబడుకోనుండాడు మా.”

ఆమె నడక ఆపలేదు. వెనక ట్రాక్టర్ ఇంజను కొట్టుకుంటూనే ఉంది. బండి కదిలిన చప్పుడు మాత్రం ఇంకా వినపడలేదు.